డ్యూస్ ఛాసిస్ కిట్: ఉక్కుకు వంక లేదు, కోణాల దగ్గరే పేచీ

1932 ఫోర్డ్ నమూనాలో కొత్తగా అచ్చొత్తిన ఫ్రేము, మధ్యలో కిందికి దిగిన ఐ-బీమ్ ముందు ఇరుసు, దాన్ని పట్టి ఉంచే ఫోర్-బార్ రాడ్లు, వేగా స్టీరింగ్ బాక్సు, వెనక కాయిలోవర్ల (షాక్ చుట్టూ స్ప్రింగ్ తొడిగిన జోడీ) మీద ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు. అమెరికాలో హాట్ రాడ్ (పాత కారుకు బలమైన ఇంజన్, కొత్త సస్పెన్షన్ వేసి కట్టుకునే బండి) సామాను అమ్మే ఏ షాపు కేటలాగు తిప్పినా ఛాసిస్ కిట్ అంటే దాదాపు ఇదే కూర్పు. బ్రాకెట్ల ఆకారం మారుతుంది, పాలిష్ మారుతుంది, ధర మారుతుంది. ఎముకలు మాత్రం అవే. అందుకని ఇక్కడ తూచేది ఏ ఒక్క షాపునో కాదు, ఈ కూర్పునే.

తీర్పు ముందే చెప్పేస్తాను. పేరున్న చోట కొంటే ఉక్కు, మెషినింగ్, వెల్డింగ్ నిక్షేపంలా ఉంటాయి. కానీ బండి నడక మూడు కొలతల చేతిలో ఉంది: క్యాస్టర్ (ముందు చక్రం ఏ కడ్డీ మీద తిరుగుతుందో ఆ కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం), పాన్‌హార్డ్ రాడ్డుకూ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) డ్రాగ్ లింకుకూ (స్టీరింగ్ బాక్సును చక్రానికి కలిపే కడ్డీ) ఉన్న పొత్తు, పినియన్ కోణం (వెనక ఇరుసు ముందున్న గేరు వాలు). ఈ మూడూ పెట్టెలో రావు, మనమే పెట్టుకోవాలి. ఆ ఓపిక ఉంటే కిట్ కొనండి. లేదంటే కట్టి, చక్రాల మీద నిలబెట్టి ఇచ్చే రోలింగ్ ఛాసిస్‌కు వెళ్లడం మేలు. అక్కడ అదనంగా పోసే డబ్బు ఈ కొలతల కూలికే పోతుంది, అది దండగ ఖర్చు కాదు.

ఇన్ని పాత ఫోర్డులుండగా 1932 మీదే ఎందుకీ మోజు? పేకలో రెండును డ్యూస్ అంటారు. ఏడాది చివరి అంకె రెండు కాబట్టి ఈ బండికీ ఆ పేరే పడింది. ఫోర్డ్ వీ8 మొదటిసారి వచ్చింది ఆ ఏడే, 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. ఛాసిస్ పని చేసేవాడికి మాత్రం ఇంజన్‌కన్నా పెద్ద విశేషం వేరే ఉంది. ఈ మోడల్లో ఫ్రేము పక్క పట్టా బాడీ కింద దాక్కోదు, బయటికే కనిపిస్తుంది, దాని మీద పొడవునా ఒక నొక్కుగీత ఉంటుంది. మడ్‌గార్డులు పీకేసినా బండి బోసిపోదంటే ఆ గీతే కారణం. కొనేటప్పుడు ఆ గీత వెంట అరచేయి పెట్టి తడమండి. అల తగిలితే వెల్డింగ్ వేడికి పట్టా లాక్కుపోయిందని అర్థం. లప్పం పెట్టి దాచొచ్చు గానీ, నల్లరంగు వేసి ఎండలో నిలబెట్టిన రోజు బయటపడుతుంది.

ఫ్రేము

మంచి పట్టాలు సుమారు 1/8 అంగుళం మందం రేకుతో వస్తాయి. పాత ఫ్రేము సీ ఆకారంలో లోపలివైపు తెరిచి ఉండేది, 65 గుర్రాలకు అది చాలింది. ఇప్పుడు 300 గుర్రాల ఇంజన్ కూర్చోబెడుతున్నాం కాబట్టి తెరిచిన పక్కను రేకుతో మూసి పెట్టెలా చేయాలి. దీన్నే బాక్సింగ్ అంటారు. కిట్లలో ఇది చేసే వస్తుంది. ఉత్త పట్టాలు కొనుక్కుని మీరే చేసుకునేట్టయితే, రేకును అంచుకు సరిగ్గా కాకుండా 1/8 అంగుళం లోపలికి దించి పెట్టండి. వెల్డింగ్ కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తర్వాత రుద్దినా బలం పోదు. ముందు మూడు నాలుగు అంగుళాలకొక చుక్క. ఆ తర్వాత రెండేసి అంగుళాల కుట్లు: ఒకటి ముందు చివర, ఒకటి వెనక, ఒకటి ఎడమ పట్టాకు, ఒకటి కుడి పట్టాకు. మధ్యలో చల్లారనివ్వాలి. ఒకే బిగిన మూడడుగులు లాగారంటే పట్టా అరటికాయలా వంగుతుంది. దాన్ని తిన్నగా చేయడం కొత్తది కొనడంకన్నా కష్టం.

ఫ్రేము ఇంటికి రాగానే రంగుకు పంపకండి, కొలవండి. నాలుగు స్టాండ్ల మీద పెట్టి ముందొకసారి, వెనకొకసారి అడ్డంగా రసమట్టం పెట్టి చూడండి. రెండు చోట్లా బుడగ ఒకేలా నిలవకపోతే ఫ్రేము మెలిక తిరిగిందన్నమాట. తర్వాత రెండు పక్కలా ఒకే బోల్టు రంధ్రం నుంచి తూకపు గుండు వదిలి నేల మీద గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా 1/16 అంగుళంలోపు ఉంటే సంతోషం, 1/8 దాటితే తిప్పి పంపాల్సిందే. ఫ్రేము మీదే టేపు లాగి కొలిస్తే క్రాస్‌మెంబర్లు (రెండు పట్టాలను కలిపే అడ్డదూలాలు) తగిలి టేపు వంగుతుంది, తప్పు లెక్క వస్తుంది. అందుకే ఈ నేల కొలత. చక్రాల మధ్య దూరం 106 అంగుళాలు. అది రెండు పక్కలా ఒకేలా ఉందా అన్నది అచ్చంగా 106 ఉందా అన్నదానికన్నా ముఖ్యం.

మధ్యభాగంలో అసలు ఫోర్డ్‌కు కే ఆకారపు మెంబర్ ఉండేది. ఇప్పటి కిట్లలో గొట్టాలతో చేసినవీ, ఎక్స్ ఆకారంలోవీ వస్తున్నాయి. ఏది తీసుకున్నా గేర్‌బాక్సు కూర్చునే అడ్డపట్టీ బోల్టులతో ఊడేలా ఉందో లేదో చూసుకోండి. వెల్డింగ్ చేసేసిన పట్టీ అయితే గేర్‌బాక్సు దించాలన్న ప్రతిసారీ ఇంజన్ కూడా లేపాల్సి వస్తుంది. ముందు క్రాస్‌మెంబర్ దగ్గర ఒక ఐచ్ఛికం ఇస్తారు: మోడల్ ఏ నమూనాది వేయించుకుంటే బండి ముక్కు సుమారు ఒక అంగుళం దిగుతుంది. మడ్‌గార్డులు లేని బండికి అది బాగుంటుంది.

ముందు ఇరుసు, కమాన్ పట్టీ, క్యాస్టర్

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పనిచేసిన మేస్త్రీకి ఈ ముందు భాగం కొత్తగా అనిపించదు. అదే ఐ-బీమ్, అదే కింగ్ పిన్, అదే కమాన్ పట్టీ. తేడా ఒక్కటే. లారీలో కమాన్ పట్టీ ఫ్రేము వెంట పొడవుగా పోతుంది, ఇక్కడ ఇరుసు మీద అడ్డంగా పడుకుంటుంది. ఆ ఒక్క తేడాతో పని మొత్తం మారిపోతుంది. పొడవు పట్టీ బరువు మోస్తూనే ఇరుసును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకుంటుంది. అడ్డపట్టీ మోయడం వరకే చేస్తుంది. ఇరుసు ముందువెనకలు చూసుకోవడానికి ఫోర్-బార్, పక్కలు చూసుకోవడానికి పాన్‌హార్డ్ రాడ్డు విడిగా కావాలి.

ఫోర్-బార్‌లో పక్కకు రెండేసి రాడ్లు, ఒకదానికొకటి సమాంతరంగా, సమాన పొడవులో ఉంటాయి. అందుకే ఇరుసు ఎంత పైకి లేచినా, దిగినా క్యాస్టర్ మారదు. పాత అందం కోసం దీని బదులు హెయిర్‌పిన్ రాడ్లు (పక్కకు రెండూ ఫ్రేము దగ్గర ఒకే చోట కలిసేవి) ఎంచుకునేవాళ్లున్నారు. చూడటానికి నిజంగా అవే బాగుంటాయి, కాదనను. కానీ ఒక షరతు ఉంది. హెయిర్‌పిన్‌లో ఒక చక్రం గుంతలో పడితే ఇరుసు మెలి తిరగాలి. ఐ-బీమ్ కాస్త మెలి తిరుగుతుంది, గొట్టపు ఇరుసు తిరగదు. గొట్టపు ఇరుసుకు హెయిర్‌పిన్ కట్టారంటే ఆ ఒత్తిడంతా బ్రాకెట్ల వెల్డింగ్ మీద పడి ఏదో ఒకరోజు పగులు తీస్తుంది. కేటలాగులో రెండూ ఒకే పేజీలో కనిపించినా ఆ జోడీ వద్దు.

క్యాస్టర్ దగ్గర జరిగే పొరపాటు ఇదీ. ఫ్రేము స్టాండ్ల మీద మట్టంగా ఉంటుంది, కింగ్ పిన్ 6 డిగ్రీలు వెనక్కి వాలేలా పెట్టి పని అయిందనుకుంటారు. తీరా బండి నేల మీదికి దిగాక ముక్కు వంచుకుని నిలబడుతుంది. హాట్ రాడ్ అందమే అది కదా. ఫ్రేము 2 డిగ్రీలు ముందుకు వాలితే 106 అంగుళాల మీద 3.7 అంగుళాల తేడా. కంటికి హాయిగా ఉంటుంది. కానీ అదే 2 డిగ్రీలు క్యాస్టర్‌లోంచి పోతాయి, 6 కాస్తా 4 అవుతుంది. హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు, ప్రతి గాలికీ సర్దుతూ కూర్చోవాలి. అందుకే ముందు టైర్లు ఎంచుకోండి, వాటి ఎత్తును బట్టి ఫ్రేమును రోడ్డు మీద నిలబడే వాలులోనే స్టాండ్ల మీద కట్టేయండి, ఆ తర్వాతే కోణాలు. నేలతో కొలిచినప్పుడు 5 నుంచి 7 డిగ్రీలు రావాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఇచ్చిన అంకె ఫ్రేముతో పోల్చిందా, నేలతో పోల్చిందా అన్నది అడిగి తెలుసుకోండి.

సర్దుబాటు రాడ్ల చివర మరలతో. 5/8 అంగుళం రాడ్డుకు అంగుళానికి 18 మరలుంటే ఒక చుట్టు 1/18 అంగుళం. పై రాడ్డుకూ కింది రాడ్డుకూ మధ్య 5 అంగుళాలుంటే ఆ ఒక్క చుట్టు 0.6 డిగ్రీ పైచిలుకు మారుస్తుంది. రెండు పక్కల మధ్య అర డిగ్రీ మించి తేడా ఉండకూడదు. ఉంటే క్యాస్టర్ తక్కువున్న పక్కకే బండి లాగుతుంది. రాడ్డు చివర కనీసం మర వ్యాసమంతైనా, అంటే 5/8 అంగుళమైనా లోపల ఉండాలి. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి మొగ్గే కొలత) 1/16 నుంచి 1/8 అంగుళం చాలు.

క్యాస్టర్ 8, 9 దాటించి "ఇంకా తిన్నగా పోతుంది" అనుకోవద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది, పైగా గంటకు 40 మైళ్ల దగ్గర చక్రాలు గజగజలాడే జబ్బు పట్టుకోవచ్చు. ఆ వణుకు వస్తే చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ కొంటారు. డ్యాంపర్ రోగాన్ని కప్పిపెడుతుంది తప్ప తగ్గించదు. కింగ్ పిన్ బుష్‌లు, పాన్‌హార్డ్ బోల్టులు, టైర్ల బ్యాలెన్స్, టో, క్యాస్టర్ ఈ వరసలో చూసుకుంటూ రండి.

కమాన్ పట్టీ సంగతి కొద్దిగా. బరువంతా పడ్డాక షాకిల్‌లు (పట్టీ చివర్లను పట్టి ఊగే లింకులు) 45 డిగ్రీల దగ్గర వాలి ఉండాలి. ఉత్త ఛాసిస్ మీద అవి ఎలా ఉన్నాయో చూసి పట్టీ మార్చేయకండి. ఇంజన్, రేడియేటర్, బాడీ ఎక్కాక పట్టీ సాగి షాకిల్‌ల వాలు మారిపోతుంది. అప్పటికీ ముక్కు ఎత్తుగా ఉంటే ఒక ఆకు తీయొచ్చు. మధ్య బోల్టు పట్టీని చోటులో నిలపడానికే, పట్టు ఇచ్చేది యూ-బోల్టులు. అవి వదులైతే మధ్య బోల్టు తెగుతుంది.

స్టీరింగ్

1971–77 మధ్య షెవ్రొలె వేగా కార్లలో వచ్చిన చిన్న బాక్సు ఇది. ఇప్పుడు కొత్తగా చేసినవే దొరుకుతున్నాయి. ఫ్రేము ఎడమ పట్టా లోపలివైపు కూర్చుని, డ్రాగ్ లింకును అడ్డంగా కుడి చక్రానికి పంపుతుంది. చిన్నది, తేలికైనది, ఈ బరువు బండికి సరిపోతుంది. నా లెక్కలో కిట్ మొత్తంలో ధరకు తగ్గ విలువ ఎక్కువిచ్చే భాగం ఇదే. దాన్ని బిగించే తీరులోనే తప్పులు జరుగుతాయి.

మొదటిది, పాన్‌హార్డ్ లేకుండా వదిలేయడం. అడ్డపట్టీ షాకిల్‌ల మీద వేలాడుతుంది కాబట్టి మలుపులో ఫ్రేము పక్కకు ఊగుతుంది. స్టీరింగ్ బాక్సు ఫ్రేముతో ఊగుతుంది, ఇరుసు ఊగదు. అంటే మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. రాడ్డు పెట్టినా దిక్కు ముఖ్యం: డ్రాగ్ లింకు ఎడమ ఫ్రేము నుంచి కుడి చక్రానికి పోతోంది కాబట్టి పాన్‌హార్డ్ కూడా ఎడమ ఫ్రేము నుంచి కుడి ఇరుసుకే పోవాలి. పొడవులు దగ్గరదగ్గరగా, బండి నిలబడే ఎత్తులో రెండూ సమాంతరంగా. అప్పుడు చక్రం పైకి లేచినప్పుడు రెండూ ఒకే వంపు గీస్తాయి, స్టీరింగ్ కదలదు. పొట్టి పాన్‌హార్డ్ ఇచ్చే కిట్లున్నాయి. రేడియేటర్ కింద చోటు కలిసొస్తుందని అలా చేస్తారు. మీ కొలతలో డ్రాగ్ లింకు కన్నా బాగా పొట్టిగా తేలితే పొడవుది అడగండి.

రెండోది, బాక్సును మధ్యలో పెట్టకపోవడం. లోపలి గేరు సరిగ్గా మధ్యలో కాస్త బిగువుగా, అటూ ఇటూ వదులుగా ఉండేలా చేసి ఉంటుంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు మధ్యలో లేకపోతే తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది, జనం బాక్సును తిడతారు. ఒక చివర నుంచి మరో చివరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, సగం వెనక్కి తిప్పి, అక్కడ పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి డ్రాగ్ లింకును కదిపే చేయి) తొడిగి, ఆ తర్వాత డ్రాగ్ లింకు పొడవును చక్రాలకు సరిచేయండి. స్టీరింగ్ కడ్డీకి మూడు జాయింట్లు పడితే మధ్యలో ఊత బేరింగు తప్పనిసరి, లేకపోతే కడ్డీ తాడు తిప్పినట్టు తిరుగుతుంది. ఒక్కో జాయింటు 35 డిగ్రీలు మించకూడదు.

మెరుపుల మాట

కిట్లలో ధర రెట్టింపయ్యేది ఎక్కువగా స్టెయిన్‌లెస్, క్రోమ్ దగ్గరే. రాడ్లు స్టెయిన్‌లెస్ గొట్టంతో చేయించుకుంటే తప్పులేదు. బోల్టుల దగ్గర ఆగండి. షాపు అద్దంలో మెరిసే మామూలు 18-8 స్టెయిన్‌లెస్ బోల్టు గ్రేడ్ 8 (గట్టి ఉక్కు) బోల్టు బలంలో సుమారు సగం. స్టీరింగ్, సస్పెన్షన్‌లో అలాంటివి వద్దు. బలమైన ఉక్కు భాగాలకు, ముఖ్యంగా కమాన్ పట్టీలకూ స్టీరింగ్ ఆర్మ్‌లకూ క్రోమ్ వేయిస్తే, వేసిన వెంటనే ఓవెన్‌లో కాల్చారా అని అడగండి. క్రోమ్ తొట్టిలో ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారుతుంది. కాల్చితే అది బయటికి పోతుంది. ఆ ప్రశ్నకు తడుముకునేవాడికి ఆ భాగాలు ఇవ్వకండి.

వెనక ఇరుసు, కాయిలోవర్లు

ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ కార్లలో, ట్రక్కుల్లో వచ్చింది. క్రౌన్-పినియన్ సెట్టు మొత్తం ముందునుంచి ఒక ముద్దగా ఊడి వస్తుంది, బల్ల మీద పెట్టి సరిచేసుకోవచ్చు. పినియన్‌కు రెండు చివర్లా బేరింగు ఊత ఉంటుంది. అందుకే తొందరగా ఓడిపోదు. పినియన్ కింద బాగా దిగి ఉండటం వల్ల రాపిడి ఎక్కువ, కొంత బలం వేడిగా పోతుంది. వీధి బండికి అదొక లెక్క కాదు. ఈ తేలిక బండికి 9 అంగుళాల ఇరుసు అవసరానికి మించినదే. కానీ భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి దీనికే ఓటు.

హౌసింగ్ (వెనక ఇరుసు బయటి తొడుగు) వెడల్పు ఆర్డరు ఇచ్చే ముందు వెనక చక్రాలు, టైర్లు చేతిలో ఉండాలి. చక్రం లోతు అరంగుళం మారితే హౌసింగ్ మొత్తం అంగుళం మారాలి. హౌసింగ్ తెప్పించుకున్నాక చక్రాలు వెతుక్కోవడం మొదలుపెడితే టైరు ఫ్రేముకు రాసుకోవడమో, బయటికి పొడుచుకు రావడమో ఖాయం.

బ్రాకెట్లు మీరే వెల్డింగ్ చేసుకునేట్టయితే లోపలి ఇరుసు కడ్డీలు, క్రౌన్ ముద్ద బయటికి తీసేయండి. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటి పక్కనే పెట్టండి, కరెంటు బేరింగుల గుండా పోతే గుంటలు పడతాయి. హౌసింగ్‌కు ఒకే పక్క వెల్డింగ్ పడితే ఆ పక్కకు వంగుతుంది. పని అయ్యాక అలైన్‌మెంట్ కడ్డీ దూర్చి చూడకుండా ఇరుసు కడ్డీలు ఎక్కించకండి. వంగిన హౌసింగ్‌లో బేరింగులు వేడెక్కుతాయి, సీళ్లు కారతాయి, ఎన్ని సీళ్లు మార్చినా ఆగవు. ఇంకొకటి, హౌసింగ్‌కు గాలి గొట్టం ఉందో లేదో చూడండి. అది లేని హౌసింగ్ వేడెక్కితే లోపలి ఒత్తిడికి ఆయిలు సీళ్లలోంచే దారి చూసుకుంటుంది.

కాయిలోవర్లను ఫ్రేము మధ్యకు వాల్చి పెడతారు. వాలే కొద్దీ స్ప్రింగ్ మెత్తబడుతుంది. ఎంతో లెక్క చూద్దాం: ఒక్కో పక్క 500 పౌండ్లు పడుతోంది, స్ప్రింగ్ అంగుళానికి 200 పౌండ్లది. నిటారుగా ఉంటే 2.5 అంగుళాలు దిగుతుంది. 20 డిగ్రీలు వాల్చితే అది 177 పౌండ్ల స్ప్రింగ్‌లా పనిచేసి 2.8 అంగుళాలు దిగుతుంది. 30 డిగ్రీలకు 150 పౌండ్లే, 3.3 అంగుళాలు. బండి అడుగు తగులుతోందని ప్రీలోడ్ నట్టు బిగించుకుంటూ పోయేవాళ్లు అసలు చూడాల్సింది ఈ వాలు. 15–20 డిగ్రీల మధ్య ఉంచండి. బండి నిలబడ్డప్పుడు షాక్ కదిలే దూరంలో దాదాపు 60 శాతం పైకి లేవడానికీ, మిగతాది కిందికి దిగడానికీ మిగలాలి. రబ్బరు బంప్ స్టాపులు ఇవ్వని కిట్లున్నాయి. అవి లేకుండా రోడ్డెక్కకండి.

ఇంజన్ నుంచి పినియన్ దాకా

ఎక్కువమంది వేసేది షెవీ స్మాల్ బ్లాక్ 350. పొట్టి వాటర్ పంపు నమూనా తీసుకోండి, పొడవుదైతే ఫ్యాను రేడియేటర్‌లోకి పోతుంది. ఈ ఇంజన్‌కు డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది కాబట్టి లావు హెచ్‌ఈఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) మూత ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ లోపలి సీట్లకూ మధ్య గోడ) తగులుతుంది. చిన్న మూతది చూసుకోండి. ఫోర్డ్‌లో ఫోర్డే ఉండాలనేవాళ్లు 302 వేస్తారు. దానికి డిస్ట్రిబ్యూటర్ ముందు ఉంటుంది, ఫైర్‌వాల్ బాధ లేదు, కానీ మామూలు ఆయిల్ ప్యాను గుంట ముందుకు ఉండి క్రాస్‌మెంబర్‌కు అడ్డొస్తుంది. వెనక గుంట ఉన్న ప్యాను విడిగా కొనాలి.

గేర్‌బాక్సు: టర్బో 350 అయితే మూడు గేర్లు, మొదటిది 2.52. 700ఆర్4 అయితే నాలుగు, మొదటిది 3.06, చివరిది 0.70. 28 అంగుళాల టైరు, 3.50 నిష్పత్తి ఇరుసుతో గంటకు 70 మైళ్లు పోతే టర్బో 350తో ఇంజన్ నిమిషానికి సుమారు 2,940 చుట్లు తిరుగుతుంది, 700ఆర్4తో 2,060. దూరాలు పోయే బండికి ఆ తేడా చెవులకు తెలుస్తుంది. కానీ 700ఆర్4కు వెనక మౌంటు సుమారు 2 అంగుళాలు ఇంకా వెనక ఉంటుంది, కాబట్టి గేర్‌బాక్సు పేరు చెప్పకుండా ఫ్రేము ఆర్డరు ఇవ్వకండి. దాని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా అమర్చకుండా పది మైళ్లు నడిపినా లోపలి క్లచ్ పలకలు కాలిపోవచ్చు. కార్బురేటర్ దగ్గర ఆ కేబుల్‌కు సరైన బ్రాకెట్ కిట్‌లో రాదు.

ఇక పినియన్ కోణం. గేర్‌బాక్సు తోక 3 డిగ్రీలు కిందికి వాలి ఉంటే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి ఉండాలి. అంటే రెండు గీతలూ సమాంతరం. ఈ రెండూ ఫ్రేముతో పాటే వాలుతాయి కాబట్టి ఫ్రేము వాలు ఈ లెక్కను చెడపదు. కానీ సమాంతరం ఒక్కటే చాలదు. గేర్‌బాక్సును వెనక ఇరుసుకు కలిపే షాఫ్టుకు చివరలున్న ఒక్కో జాయింటు నిజంగా ఎంత వంగుతోందన్నది ఆ షాఫ్టు వాలుతో తేలుతుంది. షాఫ్టు కూడా వెనక్కి 1 డిగ్రీ దిగుతుంటే జాయింటు కోణం 2, హాయి. బాగా దించిన బండిలో వెనక ఇరుసు ఎత్తులో ఉంటుంది కాబట్టి షాఫ్టు వెనక్కి 1 డిగ్రీ ఎక్కుతుంది. అప్పుడు కోణం 4, వణుకు మొదలు. ఇంజన్, పినియన్ రెండింటినీ 1.5కు తెచ్చుకుంటే జాయింటు 2.5కు దిగుతుంది. ఒక్కో జాయింటు 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉండాలి. సున్నా చేయడం కూడా తప్పే: లోపలి సూది బేరింగులు తిరగక ఒకేచోట గుంట చేసుకుంటాయి.

షాఫ్టు పొడవు బండి చక్రాల మీద పూర్తి బరువుతో నిలబడ్డాకే కొలవండి. గేర్‌బాక్సులోకి దూరే యోక్ లోపల తగిలే చోటు నుంచి 3/4 నుంచి 1 అంగుళం వెనక్కి ఉండాలి. షాఫ్టు తెగితే నేలలో గుచ్చుకోకుండా ఉక్కు వలయం ఒకటి వేయండి.

బ్రేకులు

మాస్టర్ సిలిండర్ నేలపలక కింద, క్యాలిపర్లకన్నా కిందికి ఉంటుంది. అందువల్ల ఆయిలు వెనక్కి జారిపోకుండా చిన్న వాల్వులు కావాలి: డిస్క్ లైనుకు 2 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి), డ్రమ్ లైనుకు 10. అవి తారుమారైతే డిస్క్ బ్రేకులు వదలకుండా పట్టి కాలతాయి. ఇంకో పొరపాటు, లావు బోరు మాస్టర్ సిలిండర్ కొంటే బ్రేకు గట్టిగా పడుతుందనుకోవడం. పెడల్ నిష్పత్తి 6:1, కాలితో 50 పౌండ్లు తొక్కితే 300 పౌండ్లు పిస్టన్ మీద పడతాయి. 7/8 అంగుళం బోరుకు దాదాపు 500 పీఎస్‌ఐ వస్తుంది, 1 అంగుళానికి 380. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగడంలేదన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే కారణం.

ముస్టాంగ్ 2 ఐచ్ఛికం

అదే ఫ్రేముకు 1974–78 ముస్టాంగ్ 2 తరహా విడి చక్రాల సస్పెన్షన్, ర్యాక్ స్టీరింగ్ కూడా అమ్ముతారు. మడ్‌గార్డులున్న బండికి, వారానికి వందల మైళ్లు నడిపేవాళ్లకు ఇదే హాయి. మడ్‌గార్డులు లేని డ్యూస్‌కు మాత్రం ముందు నుంచి చూస్తే పంచెకట్టు మీద బూటు వేసినట్టుంటుంది. వేస్తే క్రాస్‌మెంబర్‌ను ఫ్రేముకు సమాంతరంగా కాదు, నేలకు సమాంతరంగా అమర్చండి. కథ మళ్లీ అదే వాలు దగ్గరికి వచ్చింది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈ కిట్ తెప్పించుకుని పాత బండి కింద పెట్టాలనుకునేవాళ్లు ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అమెరికాలో ఉన్నవాళ్లు ఫ్రేము మీద నంబరు, బిల్లులు, భాగాల రసీదులు మొదటి రోజు నుంచీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

కొత్త క్రౌన్-పినియన్‌కు మొదటిసారి 15, 20 నిమిషాలు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, రెండు మూడుసార్లు అలాగే. 500 మైళ్ల దగ్గర ఆయిలు మార్చండి. అదే రోజు యూ-బోల్టులు, ఫోర్-బార్ లాక్ నట్లు, పాన్‌హార్డ్ రెండు చివర్లు, పిట్‌మన్ నట్టు మళ్లీ బిగించి, ఒక్కోదాని మీద రంగు గీత పెట్టండి. తర్వాత ఏది కదిలినా గీత విరిగి కనిపిస్తుంది.